మాట పోవుటయు, మాట వచ్చుటయు

నేను కర్నూలు జిల్లా ఓర్వకల్లు గ్రామవాసిని. ముప్పది సంవత్సరములకు పైగా తెలుగు పంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున తాతగారియొద్ద అమరమును, శబ్దమంజరిని వల్లెవేసితిని. అటువంటివాడు రేడియోను గూర్చియు, రేడియోను పరిశోధించిన ఒక ఆచార్యుని గూర్చియు ప్రసంగించుట మీకు వింతగా దోచవచ్చును. యోచించినచో వింత లేదు. పంతులు జీవితమంతయు చేయు పని యేమి? మాటను ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చుటయే గదా! ఆ పనిలో నేనొక పొరపాటు చేసితిని. అది పొరపాటని చాలకాలము నాకు తెలియలేదు. తెలియజెప్పినది ఆ ఆచార్యుని గ్రంథము. కావున ముందుగా నా పొరపాటును మనవిచేసి, పిదప ఆయన విద్యను, పరిశోధనను, దానివెనుక నున్న చరిత్రను వివరించెదను.

1990 తరువాతి సంవత్సరములలో దేశమంతట వయోజనులకు అక్షరములు నేర్పు ఉద్యమము సాగెను. ఆ దినములలో నేను మా యూరికి సమీపమున నొక చిన్నపల్లెలో రాత్రిబడి నడుపుచుంటిని. ఒక లాంతరు, ఒక నల్లబల్ల, ఇరువదిమంది స్త్రీలు. అందరును పగలంతయు రాళ్లుగొట్టియో, కలుపుదీసియో వచ్చినవారే. ఒకనాటి పాఠము త్రాగునీటిని గూర్చినది. నీటిని కాచి చల్లార్చి త్రాగవలెనని పుస్తకమున నుండెను. నేను చదివితిని, వారిచేత చదివించితిని, అందువలని లాభములను వివరించితిని. అప్పుడు వెనుకవరుసలోనుండి ఒక ముసలమ్మ, "ఐవారూ, నీళ్లు కాచి తాగమంటిరి, బాగుండాది. ఆ నీళ్లకే పొద్దున రెండు మైళ్లు పోతిమి. కట్టెలకు ఇంగెంత దూరం పోవల్ల? మన రాళ్లసీమలో కంపే గతి గదా! ఈ మాట ఆ పుస్తకం రాసినోళ్లకు చెప్తారా?" అని యడిగెను.

నాకు సమాధానము తోచలేదు. పుస్తకములోనిది చెప్పుటయే నా పని యంటిని. ఆమె నవ్వి, "మీరు చెప్పేది మేమింటిమి. మేము చెప్పేది ఇనేవాళ్లెవరు సామీ?" అని కూర్చుండెను. తరువాతి వారము ఆమె బడికి రాలేదు. ఆ పిమ్మటను రాలేదు. నేను హాజరుపట్టీలో ఆమె పేరున కెదురుగా సున్న చుట్టి, తరువాతి పాఠమునకు పోతిని.

ఆ ముసలమ్మ యడిగినది నిజముగా చాల పాతప్రశ్న. ఎంత పాతదో చూపుటకు మిమ్ము మన జిల్లాలోనే ఎఱ్ఱగుడికి దోడ్కొనిపోయెదను. పత్తికొండ ప్రాంతమున, జొన్నగిరికి సమీపముననున్న గుండ్లపై అశోకచక్రవర్తి శాసనములు ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నవి. రెండువేల రెండువందల యేండ్లకు పైబడిన ఆ వ్రాతలు పండితలోకమునకు తెలిసినది 1929లో. తల్లిదండ్రులకు విధేయులై యుండవలెననియు, ప్రాణులయెడ దయ చూపవలెననియు, సత్యము పలుకవలెననియు అందలి బోధ. ఆ బోధ ప్రజలకు చేరవలసిన మార్గమును గూడ చక్రవర్తి అచటనే నిర్దేశించెను. అధికారులు రజ్జుకుడను ఉద్యోగికి ఆజ్ఞ తెలుపవలెను. అతడు భేరి మ్రోగించి జనపదమునందలి ప్రజలకు ఎఱిగింపవలెను.

ఆ శాసనమున మరియొక విశేషము కలదు. కొన్నిపంక్తులు ఎడమనుండి కుడికి నడచును. కొన్ని కుడినుండి ఎడమకు నడచును. మడకకు గట్టిన ఎద్దులు చాలు కడకు పోయి, మరల తిరిగివచ్చినట్లు అక్షరములు తిరిగివచ్చినవి. మాట మాత్రము తిరిగిరాలేదు. చక్రవర్తి చెప్పినది జనపదమునకు పోయెను. జనపదము బదులు చెప్పినదో, చెప్పినచో నేమి చెప్పినదో ఏ గుండుమీదను లేదు.

భేరి పోయినను భేరి నడచిన త్రోవ పోలేదు. మన పల్లెలలో తలారి తప్పెట కొట్టి దండోరా వేయుట మీలో పెద్దలెల్లరు ఎఱిగినదే. పన్ను కట్టవలెనన్నను, అధికారి వచ్చుచున్నాడన్నను తప్పెట మ్రోగెడిది. దండోరా వేసినవానిని నిలిపి, "మా మాట గూడ పైవారికి చెప్పుము" అని యడిగినవారు అరుదు. అడిగినను వాడేమి చేయగలడు? తప్పెటకు మ్రోగుటయే తెలియును గాని వినుట తెలియదు.

తరువాత అచ్చుయంత్రము వచ్చెను. దానిని ప్రజలకొరకు వాడినవారిలో మన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అగ్రగణ్యులు. 1883లో కర్నూలున జన్మించి, మద్రాసున ఎం.ఏ. చదివి, 1908లో స్వరాజ్య పత్రికలోని వ్రాతకుగాను కారాగారము చూచినవారు. పిదప గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును జీవితము ధారపోసిరి. వారిని తలచిన నేటికిని నాకు చేతులు జోడించవలెననిపించును. ఐనను పత్రిక చదువవచ్చినవారికే గదా పత్రిక! చదువురాని కోట్లమందికి మాట చేరవలెనన్నచో అక్షరము నవసరముగోరని సాధన మొకటి కావలసియుండెను. అదియే రేడియో.

దక్షిణదేశమున రేడియో చరిత్రలో ఒక ఆచార్యుని ఉదంతము ముచ్చటైనది. మైసూరు మహారాజా కళాశాలలో మనశ్శాస్త్రమును బోధించు ఎం.వి. గోపాలస్వామిగారు 1935లో తమ యింటియందే ఒక చిన్న ప్రసారకేంద్రమును నెలకొల్పిరి. దానికి వారు పెట్టిన పేరు "ఆకాశవాణి". తరువాత దేశమంతటికిని ఆ పేరే వాడుకయైనది. 1938లో మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము, 1963లో కడప కేంద్రము వెలసినవి. నా బాల్యమున పంచాయతీ కచేరిలో ఒక రేడియోపెట్టె యుండెడిది. సాయంకాలమగుసరికి పెద్దలు అరుగుమీదను, పిల్లలము క్రిందను, స్త్రీలు దూరమున గోడనీడలోను నిలిచి వినెడివారము. వానకబురు, ధరలకబురు, పంటలకు పట్టు తెగుళ్లకబురు అన్నియు వచ్చెడివి. ఆ పెట్టె మా యూరికి చేసిన మేలును నేను మరువను. అర్ధరాత్రి తుపాను హెచ్చరిక చెప్పు గొంతును ఎదురుప్రశ్న వేయువాడెవ్వడు? ఒకే దిక్కునకు పోవలసిన మాటలును కొన్ని కలవు.

కాని అన్నిమాటలును అట్టివి కావు. ఈ సంగతిని జర్మనీదేశపు నాటకకర్త బ్రెక్ట్ 1932లోనే గుర్తించెను. రేడియో వినిపించుటకు మాత్రమే పనికివచ్చుచున్నదనియు, దానిని శ్రోతకు మాటలాడు అవకాశమిచ్చు సాధనముగా మార్చవలెననియు ఆయన వాదించెను. మన దేశమున 1956లో పూనా పరిసరములందు ఒక ప్రయత్నము జరిగెను. నూటయేబది గ్రామములలో శ్రోతలసంఘములు ఏర్పరచిరి. వారానికి రెండుమారులు అందరు గుమిగూడి రేడియో వినవలెను, విన్నదానిని చర్చింపవలెను, తమ సందేహములను కేంద్రమునకు వ్రాయవలెను. యునెస్కో తోడ్పాటుతో జరిగిన ఈ ప్రయత్నమును టాటా సామాజికశాస్త్ర సంస్థవారు పరిశీలించి, చర్చించిన గ్రామములవారు వట్టిగా విన్నవారికంటె నెక్కువ గ్రహించిరని తేల్చిరి. ఫలితమింత బాగున్నను ప్రశ్నవేయువాడు పల్లెలోను, మాటలాడువాడు పట్టణములోను ఉండిరి. యంత్రము మీట ఎవరి చేతనున్నదో వారిదే మాట.

ఇక శాస్త్రముయొక్క సంగతి. మాటయొక్క రాకపోకలను పరిశీలించు విద్యను ఇంగ్లీషువారు కమ్యూనికేషన్ అందురు. మన తెలుగుదేశమున ఇది విశ్వవిద్యాలయమున కెక్కినది 1954లో. ఆ సంవత్సరము హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనా శాఖ యేర్పడెను. ఆ కాలమున ఈ విద్యకు మూలపురుషులనదగినవారు అమెరికా పండితులు. లెర్నర్ 1958లోను, ష్రామ్ 1964లోను ప్రకటించిన గ్రంథముల సారమిది: పత్రికలు, రేడియో పెరిగినచో వెనుకబడిన దేశములు ముందునకు వచ్చును. రోజర్స్ అను పండితుడు 1962లో, క్రొత్తపద్ధతులు జనులలో నెట్లు వ్యాపించునో వర్ణించి, అందరికంటె ఆలస్యముగా స్వీకరించువారికి మందగాములను అర్థమిచ్చు పేరొకటి పెట్టెను. ఆ లెక్కన మా ముసలమ్మ మందగామి. ఆమె నడకకు అడ్డుపడినది బుద్ధిమాంద్యము కాదు, కట్టెల కొఱత యని ఆ లెక్కలో వ్రాసికొనుటకు గడి లేదు. రోజర్సే 1976లో, ఆ పాతసిద్ధాంతమునకు కాలము చెల్లినదని వ్రాసి పెద్దమనసు చూపెను. ఇంతకుముందే బ్రెజిలుదేశపు ఉపాధ్యాయుడు పావులో ఫ్రెయిరె, పంతులు మాటలను విద్యార్థితలలో సొమ్మువలె జమకట్టుట విద్య కాదనియు, ఇరువురు కలిసి ప్రశ్నించుటయే విద్యయనియు బోధించెను. ఈ వాక్యము చదివిననాడు నా లాంతరుబడి నాకు కన్నులయెదుట నిలిచెను.

ఇట్లు శాస్త్రము మలుపు తిరిగిన కాలమున మన దేశమున దానిని చేపట్టినవారిలో వినోద్ పావరాలగారు ఒకరు. వీరు హైదరాబాదు విశ్వవిద్యాలయమున కమ్యూనికేషన్ ఆచార్యులుగా పనిచేసిరి. ఈ విశ్వవిద్యాలయము 1974లో స్థాపితమైనది. పావరాలగారి పెద్దచదువు అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున జరిగినది. వారు పి.హెచ్.డి. పట్టము పొందినది యంత్రవిద్యలో గాదు, పత్రికారచనలో గాదు, సమాజశాస్త్రమున. ఇది గమనింపదగినది. యంత్రవేత్త రేడియోను చూచినచో ధ్వని యెంతదూరము పోవునని యడుగును. పత్రికారచయిత చూచినచో వార్త యెంతత్వరగా చేరునని యడుగును. సమాజశాస్త్రజ్ఞుడు, "ఎవరు మాటలాడుచున్నారు? ఎవరు మౌనముగా నున్నారు? ఆ మౌనమునకు కారణమేమి?" అని యడుగును.

వారి మొదటిగ్రంథము 1996లో వెలువడెను. అది అవినీతిని గూర్చినది. అందు వారు ఎవరెంత లంచము తినిరని లెక్కకట్టలేదు. సమాజమున పైమెట్టుననున్నవారు అవినీతియను మాటకు ఏమేమి యర్థములు చెప్పుకొందురో పరిశీలించిరి. రేడియోకును దీనికిని సంబంధమేమని మీరడుగవచ్చును. సంబంధము కలదు. ఒక మాటకు అర్థము నిర్ణయించు అధికారము ఎవరిచేతనున్నదో వారు లోకమును ఒకవిధముగా నడపుదురు. లంచమునకు అర్థము చెప్పువాడు పెద్ద యుద్యోగియైనచో నొకరీతిగను, లంచమిచ్చుకొనిన రైతైనచో మరియొకరీతిగను ఉండును. పైవారి మాటను అట్లు పరిశీలించిన పండితుడు, పిదప క్రిందివారి మాట ఎచట వినబడునని వెదకుట సహజము. ఆ వెదకుటయే వారిని రేడియోవద్దకు తెచ్చినదని నేను గ్రంథముల వరుసను బట్టి ఊహించుచున్నాను.

ఆ వెదకుటకు కాలమును అనుకూలించెను. 1885నాటి తంతిచట్టము ననుసరించి ఆకాశమార్గమున ధ్వని పంపు హక్కు ప్రభుత్వముదిగా నుండెను. 1995 ఫిబ్రవరి 9వ తేదీన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. వివాదము పుట్టినది క్రికెట్టు ఆటల ప్రసారమునుగూర్చి. తీర్పుమాత్రము ఆటను దాటి చాలదూరము పోయెను. రేడియోతరంగములు ప్రజల యాస్తియనియు, వానిని ప్రజాహితమునకై వినియోగింపవలెననియు న్యాయమూర్తులు నిర్ణయించిరి. తీర్పు వ్రాసినవారిలో జస్టిస్ పి.బి. సావంతుగారును, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారును ఉండిరి. మన భాషలో జెప్పవలెనన్న, చెరువునీరు ఎవరి సొంతమును కాదు, ఊరందరిది యన్నట్లే ఆకాశమును అందరిది యని అర్థము.

తీర్పు వచ్చినంతమాత్రమున తూము తెఱువబడలేదు. నాటి మెదకు జిల్లా జహీరాబాదు ప్రాంతమున, పస్తాపూరు కేంద్రముగా డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ యను సంస్థ 1983నుండి పనిచేయుచుండెను. దానిలోని సంఘములలో అధికసంఖ్యాకులు దళితస్త్రీలు. కొర్ర, సామ, జొన్న వంటి మెట్టపంటల విత్తనములను కుండలలో దాచి కాపాడినవారు. మన సీమవలెనే అదియును వానదేవుని నమ్ముకొన్న నేల. 1990ల చివర యునెస్కో సాయముతో వారికొక చిన్న రేడియో కేంద్రము మాచనూరు గ్రామమున ఏర్పడెను. గది యున్నది, యంత్రము లున్నవి, మాటలాడు స్త్రీలున్నారు. ప్రసారమునకు అనుమతి మాత్రము లేదు. వారు ఊరకుండలేదు. పాటలను, విత్తనముల ముచ్చటలను, మందుమాకుల సంగతులను ధ్వనిముద్రణ చేసి, ఆ కాసెట్లను సంఘసమావేశములలో వినిపించుకొనుచు దాదాపు పదియేండ్లు వేచియుండిరి.

2002 డిసెంబరున ప్రభుత్వము విద్యాసంస్థలకు మాత్రము చిన్న రేడియోలు నడపుకొన అనుమతి నిచ్చెను. 2004 ఫిబ్రవరి 1వ తేదీన మద్రాసులోని అన్నా విశ్వవిద్యాలయమున అట్టి మొదటికేంద్రము మాటలాడెను. 2006 నవంబరులో ప్రజలమధ్య పనిచేయు స్వచ్ఛందసంస్థలకును అనుమతి విస్తరించెను. యంత్రబలము నూరువాట్లకు మించరాదు. స్తంభము ముప్పదిమీటర్లకు మించరాదు. కార్యక్రమములలో సగమైనను స్థానికముగా తయారుకావలెను. ప్రసారము వీలైనంతవరకు స్థానికభాషలో నుండవలెను. సొంతముగా వార్తలు చెప్పరాదు. ఇవి ఆనాటి నియమములలో ముఖ్యమైనవి. ఈ నియమములక్రింద 2008 అక్టోబరు 15వ తేదీన, గ్రామీణస్త్రీల దినమున, మాచనూరులోని సంఘం రేడియో ఆకాశమున పలికెను. స్వచ్ఛందసంస్థల పక్షమున దేశమునకే అది మొదటి రేడియో. దానిని నడిపినవారిలో ఇరువురి పేర్లును నర్సమ్మలే: ఒకరు జనరల్ నర్సమ్మ, మరియొకరు అల్గోల్ నర్సమ్మ. పట్టణపు తెలుగు కాదు, వారింటి తెలుగే ఆ రేడియో భాష.

ఈ చరిత్రను కేవలము దూరమునుండి చూచి వ్రాసినవారు కారు పావరాలగారు. కంచన్ కె. మాలిక్‌గారితో గలిసి 2007లో ప్రకటించిన గ్రంథమునకు "అదర్ వాయిసెస్" అని పేరు పెట్టిరి. తెలుగున "వేరు గొంతులు" అనవచ్చును. అందు నాలుగుచోట్ల ప్రజలరేడియో యత్నములను వర్ణించిరి. పస్తాపూరు స్త్రీలదొకటి. గుజరాతులోని కచ్ఛము స్త్రీలదొకటి. జార్ఖండుది మూడవది. నాలుగవది కర్ణాటకమున కోలారు జిల్లాలోని బూదికోటది. ఆకాశమార్గము మూసియున్నందున వారు ఇండ్లకుపోవు తీగల ద్వారమున తమ ధ్వనిని పంపుకొనిరి. నా పూర్వవిద్యార్థి యొకడు హైదరాబాదున చదువుకొనుచు ఈ గ్రంథమును సెలవులకు తెచ్చియుండెను. నా ఇంగ్లీషు అంతంతమాత్రము. వాడు ప్రక్కన కూర్చుండి అర్థము చెప్పుచుండగా నెలదినములు చదివితిని. గురువు శిష్యుడై, శిష్యుడు గురువైన నెల యది.

ఆ చదువులో నాకు దొరికిన సారమును పండితభాషలో రెండుమాటల భేదముగా జెప్పెదను. "ప్రసారము" అనగా వ్యాపింపజేయుట; విత్తనములు చల్లినట్లు చల్లుటే గాని చల్లినవానికి మారుగా వచ్చునది లేదు. "వినిమయము" అనగా ఇచ్చి పుచ్చుకొనుట. సంతలో జొన్నలిచ్చి ఉప్పు తెచ్చుకొన్నట్లు. మనమింతకాలమును భేరికి, తప్పెటకు, అచ్చుకు, రేడియోకు ప్రసారమునే నేర్పితిమి. పావరాలగారు జీవితమంతయు వెదకినది వినిమయమును. పేదవాని కొఱత సమాచారము లేకపోవుట మాత్రమే కాదు; చెప్పుకొనుటకు చోటు లేకపోవుటయు కొఱతయే. కడుపునకు అన్నము, ఒంటికి గుడ్డ, తలకు నీడ అని లెక్కించు మనము నోటికి మాటయను నాలుగవదానిని లెక్కలో వేయము.

2011లో యునెస్కో సంస్థ సామాజికమాధ్యమముల యధ్యయనమునకై హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఒక ఆచార్యపీఠమును నెలకొల్పి, దానిని పావరాలగారి కప్పగించెను. 2020లో వారును, మాలిక్‌గారును దక్షిణాసియా దేశముల సామాజికరేడియోను గూర్చి మరియొక గ్రంథమును సంకలనము చేసిరి. దేశమున ఇట్టి కేంద్రములు ఇప్పుడు నాలుగువందలకు పైబడియున్నవి. సంఖ్యను చూచి మురిసిపోవు స్వభావము వారిది కాదు. ప్రజల రేడియో పేరున సర్కారుమాటయో, సంస్థమాటయో వినిపించుచున్నచో అది తప్పెటకు క్రొత్తతొడుగు తొడుగుటయే యగునను ఆందోళన వారి ఆలోచనలలో కనబడును. చిన్నకేంద్రమునకు కరెంటుబిల్లు కట్టవలెను, యంత్రము బాగుచేయించుకొనవలెను. డబ్బిచ్చినవాని మాట చెప్పుట తప్పనిసరి యగునేమో! ఈ చిక్కు నేటికిని తీరినది కాదు.

శ్రోతలారా! మీలో కొందఱకు ఒక సంశయము కలుగుచుండును. చదువురాని స్త్రీకి యంత్రమిచ్చినచో ఆమె యేమి మాటలాడును? నోటికి వచ్చినదెల్ల మాటలాడుట మంచిదేనా? ఈ సంశయము నాకును ఉండెను. దీనికి బదులు నాకు గ్రంథమున దొరకలేదు. మా యూరిలోనే దొరికెను. 1990ల దశాబ్దమున ఐక్యరాజ్యసమితి దారిద్ర్యనిర్మూలన కార్యక్రమము ఓర్వకల్లు మండలమున పొదుపుసంఘములను ప్రోత్సహించెను. మొదట మొదట ఆ స్త్రీలు సమావేశమున పేరుచెప్పుటకును తలవంచెడివారు. పదేండ్లు తిరుగకమునుపే అప్పులెక్క, వడ్డీలెక్క నోటివెంట చెప్పుచు, బ్యాంకు అధికారిని నిలదీసి యడుగువారైరి. వారికి కొత్తగా తెలివి వచ్చినదా? రాలేదు. తెలివి మునుపే యున్నది. కూర్చుండి మాటలాడుటకు చాప దొరికినది, వినువారు దొరికిరి. అంతియే.

కావున నేను పెద్దలైన మీకు జేయు మనవి యొకటి. రేడియోకేంద్రము పెట్టుడని నేను మిమ్ము కోరుట లేదు. ప్రతియూరికి రచ్చబండ యున్నది. దానిపై ఎవరు కూర్చుందురో, ఎవరు దూరమున గోడనీడలో నిలుతురో మీ కెఱుకయే. నా చిన్ననాటి పంచాయతీరేడియోవద్ద నిలిచిన తీరే నేటికిని చాలయూళ్లలో నిలిచియున్నది. రచ్చబండపై మనము మాటలాడుట ముగించిన పిదప, గోడనీడవైపు తిరిగి "మీరేమందురు?" అని యొక్కమాట అడిగి, బదులు వచ్చువరకు ఓపికపట్టుడు. మొదటినాడు బదులు రాకపోవచ్చును. తరతరముల మౌనము ఒక్కనాట వీడునది కాదు. బదులు వచ్చిననాడు అది మనకు రుచింపకపోవచ్చును గూడ. కట్టెలెక్కడివని యడుగవచ్చును. అట్లడిగినచో పుస్తకములో లేదని మాత్రము చెప్పకుడు.

కొంతకాలము క్రిందట నేను ఆ పల్లెకు మరల పోయితిని. ముసలమ్మ ఎన్నడో కాలము చేసినదని తెలిసెను. వారి యింట గ్యాసుపొయ్యి యున్నది, కొళాయినీరును వచ్చుచున్నది. ఆమె మనుమరాలు నాకు నీళ్లిచ్చి, "కాచిన నీళ్లే సార్, తాగండి" అనెను. నేను గ్లాసు చేతబట్టుకొని కొంతసేపు త్రాగలేకపోతిని. కట్టెలచిక్కు తీరిన పిదప ఆ పాఠము తనంతట తానే ఆ యింటికి నడచివచ్చినది. మేము వినియుండినచో ముందు ఆ చిక్కునే చూచియుందుము. పాఠము ఆమె బ్రతికియుండగానే ఆ గడప దాటియుండెడిది.

ఆనాటి హాజరుపట్టీ నాయొద్ద నేటికిని కలదు. ఆమె పేరున కెదురుగా నేను చుట్టిన సున్నలు కలవు. ఆమె యడిగిన ప్రశ్న అందు లేదు. ఈ ప్రసంగమును వ్రాయుటకు కూర్చున్ననాడు దానిని తీసి, ఆ పేరుప్రక్కనే ఆమె మాటలను ఆమె పలికినట్లే వ్రాసిపెట్టితిని. ఆలస్యమైనను వ్రాసితిని.